సీడీలో చిట్లిన పాట, గేమ్‌లో బాగుంది: మెటాలికా ‘డెత్ మ్యాగ్నెటిక్’ గొడవ అసలేమిటి?

2008 సెప్టెంబర్ 12, శుక్రవారం. అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా తొమ్మిదో స్టూడియో ఆల్బమ్ ‘డెత్ మ్యాగ్నెటిక్’ విడుదలైంది. అప్పట్లో అమెరికాలో కొత్త ఆల్బమ్‌లు మంగళవారం వచ్చేవి, అమ్మకాల లెక్క ఆదివారంతో ముగిసేది. అంటే ఈ ఆల్బమ్‌కి ఆ వారం దొరికింది మూడు రోజులే. ఆ మూడు రోజుల్లోనే 4,90,000 కాపీలు అమ్ముడయ్యాయి, బిల్‌బోర్డ్ చార్టులో నేరుగా మొదటి స్థానం వచ్చింది. వరసగా ఐదు స్టూడియో ఆల్బమ్‌లు అలా నంబర్ వన్‌గా అడుగుపెట్టడం ఒక బ్యాండ్‌కి అదే మొదటిసారి. రివ్యూలు కూడా ఎక్కువ శాతం మెచ్చుకున్నవే.

అదే నెలలో వేల మంది అభిమానులు ఒక ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. వాళ్ల కోరిక ఒక్కటే: ఈ ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేసి ఇవ్వండి. వీళ్లు బ్యాండ్ అంటే గిట్టనివాళ్లు కారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు, పాటలు నచ్చినవాళ్లు. పాటలు నచ్చబట్టే అంత కోపం వచ్చింది.

ఒకే ఆల్బమ్‌కి ఇలా రెండు రకాల స్పందన ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే, ‘ఆల్బమ్ బాగుందా?’ అనే ప్రశ్నని విడగొట్టాలి. పాట రాయడం, వాయించడం ఒకటి. వాయించిన ముక్కలన్నిటినీ కలిపి మిక్స్ చేయడం రెండోది. ఆ మిక్స్‌ని సీడీకి సిద్ధం చేసే మాస్టరింగ్ మూడోది. వినేవాడి చెవికి మూడూ కలిసే వస్తాయి కాబట్టి మామూలుగా వీటిని విడిగా చూడటం కుదరదు. ఈ ఆల్బమ్ విషయంలో మాత్రం, అనుకోకుండా, కుదిరింది.

గిటార్లకి ఆకలేసిన ఐదేళ్లు

ముందు ‘సెయింట్ యాంగర్’ గురించి చెప్పుకోవాలి. 2003లో వచ్చిన ఆ ఆల్బమ్ మెటాలికా జీవితంలో అత్యంత గందరగోళపు రోజుల్లో తయారైంది. బేసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. గాయకుడు, రిథమ్ గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సకి వెళ్లి నెలల తరబడి కనిపించలేదు. బ్యాండ్ అంతా కలిసి థెరపిస్ట్ ముందు కూర్చుని గొడవలు పడ్డారు, అదంతా డాక్యుమెంటరీగా కూడా వచ్చింది. రికార్డింగ్‌లో బేస్ వాయించింది నిర్మాత బాబ్ రాక్.

ఆ ఆల్బమ్‌లో ఒక్క గిటార్ సోలో కూడా లేదు. కిర్క్ హామెట్ లాంటి సోలో గిటారిస్ట్‌ని పక్కన పెట్టుకుని, గంటకు పైగా నడిచే ఆల్బమ్‌లో సోలో లేకుండా చేశారు. పైగా డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ స్నేర్ డ్రమ్ ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు ఖంగుమంటుంది. ఇరవై ఏళ్లు దాటినా ఆ స్నేర్ మీద జోకులు ఆగలేదు. నా మటుకు ఆ ఆల్బమ్‌లో నిజాయితీ ఉందనే అనుకుంటాను, కానీ సరదాగా పెట్టుకుని వినే ఆల్బమ్ కాదు.

అందుకే తర్వాతి ఆల్బమ్‌కి బాబ్ రాక్ స్థానంలో రిక్ రూబిన్ వస్తున్నాడని తెలిసినప్పుడు అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. స్లేయర్ బ్యాండ్ 1986 ఆల్బమ్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ని నిర్మించినవాడు రూబిన్. అరగంట కూడా లేని ఆ ఆల్బమ్ థ్రాష్ మెటల్‌కి, అంటే అతివేగంగా సాగే మెటల్ శైలికి, ఒక కొలబద్ద. రూబిన్ మీటలు తిప్పే రకం నిర్మాత కాదు. సోఫాలో కూర్చుని విని, ఇది బాగుంది, అది తీసేయండి అని చెప్పే మనిషి. మెటాలికాకి ఆయన పెట్టిన పరీక్ష గురించి బ్యాండ్ సభ్యులే చాలాసార్లు చెప్పారు: మీ పేరు మెటాలికా అని మర్చిపోండి, మీరెవరో ఎవరికీ తెలియదు, బ్యాండ్‌ల పోటీలో నిలబడి మెప్పించాలి, అప్పుడు ఎలాంటి పాటలు రాస్తారు? 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ రోజుల్లో ఏం వినేవారు, ఎలా ఆలోచించేవారు, అక్కడికి వెళ్లండి అన్నాడు.

బ్యాండ్ వెళ్లింది. ట్యూనింగ్‌తో సహా. 1990ల మధ్యలో వచ్చిన ఆల్బమ్‌లలో గిటార్లని అర స్వరం కిందికి దించి వాయించారు, ‘సెయింట్ యాంగర్’లో ఇంకా కిందికి. ఈసారి ఎక్కువ పాటలకి మామూలు స్టాండర్డ్ ట్యూనింగ్‌కి తిరిగొచ్చారు. గిటార్ వాయించేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. తీగ బిగువుగా ఉంటే కుడిచేత్తో అరచేతి అంచు ఆనించి కొట్టే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క, కత్తిలా తెగుతుంది. తీగ వదులైతే అదే రిఫ్ బురదలో నడిచినట్టుంటుంది. హెట్‌ఫీల్డ్ కుడిచేయి ఎంత ప్రసిద్ధమో మెటల్ వినేవాళ్లకి తెలుసు. ఆ చేతికి పనికొచ్చే తీగలు మళ్లీ దొరికాయి.

పది పాటలు, 75 నిమిషాలు

ఆల్బమ్ గుండె చప్పుడుతో మొదలవుతుంది. తర్వాత శుభ్రమైన గిటార్ తీగల మెల్లని మోగింపు, ఆ వెంటనే ‘దట్ వజ్ జస్ట్ యువర్ లైఫ్’ రిఫ్. మొదటి రెండు నిమిషాలు వింటేనే అర్థమవుతుంది, వీళ్లు మళ్లీ గిటార్‌తో ఆలోచిస్తున్నారని. ఒక రిఫ్, దాని మీద ఇంకోటి, మధ్యలో వేగం మారడం, రెండు గిటార్లు జంటగా పాడటం, చివరికి సోలో. పాటలు చాలావరకు ఏడు, ఎనిమిది నిమిషాలు. వాటిలో పల్లవి, చరణం కన్నా రిఫ్‌ల ప్రయాణమే ఎక్కువ.

మొదటి సింగిల్ ‘ద డే దట్ నెవర్ కమ్స్’ పాత పద్ధతిలోనే నడుస్తుంది: నెమ్మదిగా, విషాదంగా మొదలై, సగం దాటాక పూర్తిగా గిటార్ల పరుగులోకి దిగుతుంది. 1984లో ‘ఫేడ్ టు బ్లాక్’, 1988లో ‘వన్’ పాటలకి వాడిన నిర్మాణమే ఇది. కొందరు విమర్శకులు దీన్ని పట్టుకుని, సొంత పాత పాటలకే కార్బన్ కాపీ అన్నారు. అందులో నిజం లేకపోలేదు. అయినా చివరి రెండు నిమిషాల్లో గిటార్లు ఒకదాన్నొకటి తరుముకునే చోట ఆ ఫిర్యాదు నాకు గుర్తుకురాదు.

‘ఆల్ నైట్‌మేర్ లాంగ్’ ఈ ఆల్బమ్ శిఖరం అనేది నా అభిప్రాయం. ‘సూసైడ్ అండ్ రిడెంప్షన్’ పది నిమిషాల వాద్య గీతం. 1988 తర్వాత మెటాలికా స్టూడియో ఆల్బమ్‌లో మాటల్లేని పాట పెట్టడం ఇదే మొదటిసారి. అందులో మూడు నిమిషాలు కోసేసినా ఎవరికీ తెలిసేది కాదు. ‘ది అన్‌ఫర్‌గివెన్ 3’ పియానోతో మొదలై ఎక్కడికో వెళ్దామని ప్రయత్నిస్తుంది. ‘మై అపోకలిప్స్’ అన్నిటికన్నా చిన్నది, అయిదు నిమిషాల దౌడు. దానికి 2009 గ్రామీల్లో ఉత్తమ మెటల్ ప్రదర్శన అవార్డు వచ్చింది. అయస్కాంతపు పొడి గీతల మధ్య శవపేటిక ఆకారంలో గుంత కనిపించే ఆ కవర్ డిజైన్‌కి కూడా గ్రామీ వచ్చింది.

కొత్త బేసిస్ట్ రాబర్ట్ ట్రుహీయోకి బ్యాండ్‌తో ఇది మొదటి స్టూడియో ఆల్బమ్. వేళ్లతో వాయించే ఆ బేస్ ఉందని తెలుస్తుంది కానీ, ఎంత ఉందో తెలియదు. అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ధ్వనికి పైకప్పు ఎక్కడుంది

సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఒక్కో అంకెకి 16 బిట్లు. అంటే పైకి వెళ్లగలిగిన అతి పెద్ద అంకె 32,767. దాని మీద ఇంకేమీ లేదు. ఆ హద్దు దాటే ధ్వనిని రాయడానికి అంకే లేదు కాబట్టి, గుండ్రంగా లేవాల్సిన తరంగం నెత్తి మీద కత్తితో కోసినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఊళ్లో పెళ్లి జరిగినప్పుడు సౌండ్ బాక్సులకి శక్తికి మించి వాల్యూమ్ పెడితే గొంతు చిట్లినట్టు వినిపిస్తుందే, అది ఈ రోగమే.

మరి పాటని ఇంకా గట్టిగా వినిపించాలంటే ఎలా? హద్దు పెరగదు కాబట్టి, తక్కువగా ఉన్నదాన్ని పైకి లేపాలి. అందుకు కంప్రెసర్, లిమిటర్ అనే సాధనాలున్నాయి. ఎంపీత్రీ ఫైలు సైజు తగ్గించే కంప్రెషన్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ కంప్రెషన్ అంటే గట్టి శబ్దానికీ మెల్లని శబ్దానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడం. డ్రమ్ దెబ్బ లాంటి ఎత్తైన చోట్లని నొక్కి, ఆ తర్వాత మొత్తాన్ని పైకి జరుపుతారు. కొలతల్లో హద్దు దాటదు, చెవికి మాత్రం పాట అంతా గట్టిగా వినిపిస్తుంది.

తగిన మోతాదులో ఇది తప్పేమీ కాదు. కంప్రెషన్ లేని రాక్ రికార్డు దాదాపు లేదు. మోతాదు దాటడానికి కారణం మన చెవే. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు: శబ్దం పెరిగేకొద్దీ బేస్, ట్రెబుల్ మనకి ఇంకా నిండుగా వినిపిస్తాయి. అందుకే ఒకే పాటని రెండు రకాలుగా వినిపిస్తే, కొంచెం గట్టిగా ఉన్నదే ‘బాగుంది’ అనిపిస్తుంది. ఈ సంగతి రికార్డు కంపెనీలకి బాగా తెలుసు. ఎల్పీ రికార్డుల కాలంలో ఒక అడ్డు ఉండేది, మరీ గట్టిగా కోస్తే సూది గాడిలోంచి ఎగిరిపోయేది. సీడీలో సూది లేదు. 1990ల మధ్యలో డిజిటల్ లిమిటర్లు అందరికీ అందుబాటులోకి వచ్చాక పోటీ మొదలైంది. ఒయాసిస్ 1995 ఆల్బమ్, రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ ‘కాలిఫోర్నికేషన్’, ఇలా ఒకరిని మించి ఒకరు. ‘కాలిఫోర్నికేషన్’ నిర్మాత ఎవరో చెప్పనక్కర్లేదు, రిక్ రూబిన్. సౌండ్ ఇంజనీర్లు ఈ పోటీకి పెట్టిన పేరు లౌడ్‌నెస్ వార్.

ఇక్కడ మెటల్‌కి ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉంది. చాలా వ్యాసాల్లో ఇది కనిపించదు. మెటల్ గిటార్ శబ్దమే డిస్టార్షన్, అంటే ఆంప్లిఫయర్‌లో కావాలని చేసిన క్లిప్పింగ్. దానివల్ల గిటార్ ముందే పూర్తిగా కంప్రెస్ అయి వస్తుంది. తీగ మీటినా, వదిలినా దాదాపు ఒకే ఎత్తులో గోడలా నిలబడుతుంది. అలాంటి గిటార్లు నాలుగైదు పొరలు వేస్తే పాటలో ఎగుడుదిగుళ్లు మిగిలేది ఒక్క డ్రమ్స్ దగ్గరే. స్నేర్ దెబ్బ, కిక్ డ్రమ్ తన్ను, ఇవి మాత్రమే గోడ మీద నుంచి తల ఎత్తుతాయి. లిమిటర్ ఆ తలలనే నరుకుతుంది. కాబట్టి ఎక్కువ లౌడ్‌నెస్ పెట్టినప్పుడు మెటల్‌లో మొదట నష్టపోయేది డ్రమ్మర్. ‘డెత్ మ్యాగ్నెటిక్’లో స్నేర్ దెబ్బ పడిన ప్రతిచోటా ‘ఠప్’ అనాల్సింది ‘చిట్’ అంటుంది.

డిస్టార్షన్ ఉన్న సంగీతంలో ఇంకొంచెం డిస్టార్షన్ చేరితే ఏం పోయింది అని అప్పట్లో చాలామంది వాదించారు. పోయేది చాలా ఉంది. ఆంప్‌లో జరిగే డిస్టార్షన్ ఒక్క గిటార్‌కే పరిమితం. పైగా గిటార్ క్యాబినెట్ స్పీకర్ చాలా ఎత్తైన స్వరాలని సరిగా పలకదు కాబట్టి ఆ గరుకుతనం నునుపెక్కి బయటికొస్తుంది. డిజిటల్ క్లిప్పింగ్ అలా కాదు. అది మొత్తం మిక్స్ మీద పడుతుంది. గొంతు, తాళాలు (సింబల్స్), బేస్, అన్నీ ఒకేసారి చదునవుతాయి. ఒకదాని వల్ల ఇంకోటి చెడి, ఏ వాద్యానికీ చెందని కొత్త గరగరలు పుడతాయి. వాటిని మెత్తబరచే స్పీకర్ క్యాబినెట్ కూడా మధ్యలో ఉండదు. ఆల్బమ్ మొత్తం హెడ్‌ఫోన్స్‌లో వింటే తలనొప్పి వస్తోందని చెప్పినవాళ్లు నటించలేదు. 75 నిమిషాలు చెవికి ఎక్కడా విరామం లేదు.

సాక్ష్యం ఒక వీడియో గేమ్‌లో దొరికింది

ఇంతవరకు చెప్పినదేదీ మెటాలికాతో మొదలైంది కాదు. అంతకుముందు పదేళ్లుగా సౌండ్ ఇంజనీర్లు మొత్తుకుంటూనే ఉన్నారు, మామూలు శ్రోతలు పట్టించుకోలేదు. మరి ఈ ఒక్క ఆల్బమే ఆ యుద్ధానికి గుర్తుగా ఎందుకు మిగిలింది? బ్యాండ్ పెద్దది కాబట్టి అనేది సగం జవాబు. నా లెక్కలో అసలు జవాబు ‘గిటార్ హీరో’.

ప్లాస్టిక్ గిటార్ మీద రంగు మీటలు నొక్కుతూ ఆడే ఆ గేమ్ అప్పుడు అమెరికా, యూరప్‌లలో ఊపేస్తోంది. ‘డెత్ మ్యాగ్నెటిక్’ మొత్తం ఆల్బమ్, సీడీ వచ్చిన రోజుల్లోనే ‘గిటార్ హీరో 3’లో డౌన్‌లోడ్‌గా దొరికింది. ఆ గేమ్ పనిచేయాలంటే పాట ఒకే ముద్దగా ఉంటే కుదరదు. ఆటగాడు మీట తప్పు నొక్కితే గిటార్ ఒక్కటే ఆగిపోవాలి, మిగతా పాట సాగాలి. అందుకని గేమ్ తయారుచేసేవాళ్లకి గిటార్, బేస్, డ్రమ్స్ వంటివి విడివిడి ట్రాకులుగా ఇవ్వాలి. అలా ఇచ్చిన ట్రాకులు చివరి దశ లిమిటింగ్‌కి ముందువి.

ఆడినవాళ్లకి వెంటనే తేడా తెలిసింది. అదే పాట, అదే వాయింపు, కానీ గేమ్‌లో డ్రమ్స్ గుండెకి తగులుతున్నాయి, తాళాలు గాలిలో మోగుతున్నాయి, బేస్ వినిపిస్తోంది. ఇంగ్లండ్‌కి చెందిన మాస్టరింగ్ ఇంజనీర్ ఇయాన్ షెపర్డ్ రెండు వెర్షన్ల తరంగాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాడు. గేమ్ వెర్షన్ కొండలూ లోయలూ ఉన్న బొమ్మ. సీడీ వెర్షన్ పైనా కిందా స్కేలు పెట్టి గీసిన దిమ్మె. రెండింటి మధ్య తేడా సుమారు 10 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే మన చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది కాబట్టి, ఇది సన్నటి చెవులున్న ఆడియో పిచ్చివాళ్లకి మాత్రమే తెలిసే తేడా కాదు. సెప్టెంబర్ ముగిసేలోపే వాల్ స్ట్రీట్ జర్నల్ దీని మీద కథనం రాసింది. హెవీ మెటల్ అభిమానులే శబ్దం ఎక్కువైందని ఫిర్యాదు చేస్తున్నారంటే ఏ సంపాదకుడు వదులుకుంటాడు?

అప్పటిదాకా మామూలు శ్రోతకి చివరి దశ లిమిటింగ్‌కి ముందు పాట ఎలా ఉందో వినే అవకాశం దాదాపు లేదు. సినిమా విడుదలయ్యాక ఎడిటింగ్‌లో పోయిన రీళ్లు ప్రేక్షకుడికి ఎలా కనబడవో ఇదీ అంతే. ఇప్పుడు అవి అందరి చేతికీ వచ్చేశాయి. అభిమానులు గేమ్‌లోంచి ఆడియో బయటికి తీసి, కలిపి, సొంతంగా మొత్తం ఆల్బమ్ తయారుచేసుకుని పంచుకున్నారు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. గేమ్ వెర్షన్ ‘అసలు’ ఆల్బమ్ కాదు. కొన్నిచోట్ల వాయింపులో, అమరికలో చిన్న తేడాలున్నాయి. ‘సూసైడ్ అండ్ రిడెంప్షన్’ అయితే హెట్‌ఫీల్డ్ సోలోతో ఒకటి, హామెట్ సోలోతో ఒకటి, రెండు రకాలుగా ఇచ్చారు. ఆట కోసం సర్దిన ధ్వని అది, ఏ ఇంజనీరూ కూర్చుని ఇదే చివరిది అని తీర్చిదిద్దింది కాదు. దాన్ని దేవుడి మిక్స్ అన్నట్టు కొలిచేవాళ్లని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. సీడీ ఎంత చెడిందో చూపించడానికి అది సాక్ష్యం, అంతవరకే.

ఎవరి చెయ్యి?

అభిమానుల కోపం మొదట మాస్టరింగ్ ఇంజనీర్ టెడ్ జెన్సన్ మీద పడింది. అప్పట్లో న్యూయార్క్‌లోని స్టెర్లింగ్ సౌండ్‌లో పనిచేసిన జెన్సన్ ఈ రంగంలో పెద్ద పేరు. శబ్దం పెంచేది మాస్టరింగ్‌లోనే అని అందరికీ తెలుసు కాబట్టి, కవర్ మీద మాస్టరింగ్ అని ఎవరి పేరుందో వాళ్లే దోషి అనుకున్నారు. ఒక అభిమాని నేరుగా ఆయనకే రాశాడు. జెన్సన్ ఇచ్చిన జవాబు బయటికి వచ్చాక కథ మారిపోయింది. మిక్స్‌లు తన దగ్గరికి రాకముందే గోడలా చదునైపోయి ఉన్నాయని, తనంతట తాను అంతదూరం ఎప్పుడూ నెట్టనని, ఈ పనిలో తన పేరుండటం తనకేమీ గర్వంగా లేదని ఆ జవాబు సారాంశం. తన రంగంలో అంత పెద్దమనిషి, అంత పెద్ద బ్యాండ్ గురించి అలా అనడం మామూలుగా జరగదు.

అంటే నష్టం మిక్సింగ్ దశలోనే జరిగింది. మిక్స్ చేసింది గ్రెగ్ ఫిడెల్‌మన్, ఆ పైన నిర్మాత రూబిన్, ఆ పైన సంతకం పెట్టాల్సింది బ్యాండ్. ఎవరి వేలు ఏ మీట మీద ఉందో బయటివాళ్లం చెప్పలేం. కానీ ఒప్పుకుని విడుదల చేసింది బ్యాండే అన్న దాంట్లో అనుమానం లేదు. లార్స్ ఉల్‌రిక్ దాన్ని దాచలేదు కూడా. పాట స్పీకర్‌లోంచి బయటికి దూకాలన్నది రూబిన్ పద్ధతి, నా కారులో వింటే అదిరిపోతోంది అన్న ధోరణిలో మాట్లాడాడు. బ్యాండ్ మేనేజర్ కూడా ఎక్కువమంది నుంచి మెచ్చుకోళ్లే వస్తున్నాయని చెప్పాడు. అమ్మకాలు చూస్తే ఆయన్ని కాదనలేం.

కారు మాట కొట్టిపారేయకూడదు. ఇంజన్ రొద, రోడ్డు చప్పుడు మధ్య మెల్లని శబ్దాలు ఎలాగూ మునిగిపోతాయి. అక్కడ ఒకే ఎత్తులో నడిచే పాట సుఖంగానే ఉంటుంది. 2008లో ఐపాడ్, కారు స్టీరియో, చిన్న కంప్యూటర్ స్పీకర్లే ఎక్కువమంది వాడేవి. బ్యాండ్ ఆ శ్రోతని దృష్టిలో పెట్టుకుంది అనుకుంటే వాళ్ల నిర్ణయానికి ఒక తర్కం కనిపిస్తుంది. అయితే వాల్యూమ్ మీట శ్రోత చేతిలో ఉంది, తిప్పుకోగలడు. నరికేసిన డ్రమ్ దెబ్బని మాత్రం ఏ మీటతోనూ తిరిగి తెచ్చుకోలేడు. ఈ ఒక్క కారణంతో నేను పిటిషన్ పెట్టినవాళ్ల పక్షం.

ఈ బ్యాండ్‌కి ధ్వనితో పాత పేచీ ఉందన్నది కూడా మర్చిపోకూడదు. 1988 ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో పాటలు గొప్పవి, బేస్ మాత్రం వినిపించదు. కొత్తగా చేరిన న్యూస్టెడ్ వాయించిందంతా మిక్స్‌లో దాదాపు మాయమైంది. మిక్స్ చేసిన ఇంజనీర్లు అది తమ ఇష్టం కాదని, పైనుంచి వచ్చిన మాట అని తర్వాత చెప్పుకున్నారు. ఆ తర్వాత ‘సెయింట్ యాంగర్’ స్నేర్, ఆ తర్వాత ఇది. మూడుసార్లూ జరిగింది ఒకటే: ధ్వని విషయంలో బ్యాండ్ ఒక మొండి నిర్ణయం తీసుకుంది, అడ్డుచెప్పే హోదా గదిలో ఎవరికీ లేకపోయింది, లేదా ఉన్నవాళ్లు చెప్పలేదు.

విమర్శకులు ఎందుకు పెద్దగా పట్టించుకోలేదు?

అప్పటి రివ్యూల్లో ఎక్కువ భాగం ఒక కథ చెప్పాయి: దారి తప్పిన దిగ్గజం ఇంటికి తిరిగొచ్చింది. సోలోలు తిరిగొచ్చాయి, వేగం తిరిగొచ్చింది, పొడవాటి పాటలు తిరిగొచ్చాయి. ఆ కథ ఎంత బలమైందంటే, ధ్వని గురించి ఒక వాక్యం రాసినా అది పక్క విషయంలాగే మిగిలింది. ‘సెయింట్ యాంగర్’తో పోలిస్తే ఏదైనా బాగానే ఉంటుంది కూడా. పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్‌సైట్ లాంటి కొన్ని చోట్ల మాత్రం పెదవి విరిచారు, అక్కడ కూడా గురి ఎక్కువగా పాటల నిడివి మీద, హెట్‌ఫీల్డ్ సాహిత్యం మీద. సాహిత్యం విషయంలో వాళ్లతో నేను వాదించను.

అభిమాని రివ్యూ రాసి ముగించేవాడు కాదు, అదే ఆల్బమ్‌ని వందసార్లు వింటాడు. మొదటిసారి వినేటప్పుడు గట్టి శబ్దం ఉత్సాహంగానే ఉంటుంది. ఇరవయ్యోసారికి చెవి అలిసిపోతుంది. సంఖ్యలతో కొలిచే పద్ధతులు తర్వాత వచ్చాయి. ఆల్బమ్‌లో గట్టికీ మెల్లకీ మధ్య తేడాని చూపే డీఆర్ (డైనమిక్ రేంజ్) మీటరులో ఈ సీడీకి వచ్చేది సుమారు 3. గేమ్ వెర్షన్‌కి దాదాపు 12. ఆ అంకెని తిట్టులా వాడటం కూడా మొదలైంది, అది అతి. తక్కువ డీఆర్ ఉన్నా బాగా వినిపించే ఆల్బమ్‌లున్నాయి. ఎల్పీ రికార్డు నుంచి కొలిస్తే, వెనకున్న మాస్టరింగ్ ఒకటే అయినా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి మురిసి ఖరీదైన ఎల్పీ కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

‘డెత్ మ్యాగ్నెటిక్’ వచ్చిన 2008లోనే, నవంబర్‌లో, రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్ ఆల్బమ్ ‘చైనీస్ డెమోక్రసీ’ వచ్చింది. మాస్టరింగ్ చేసిన బాబ్ లడ్విగ్ ఎక్కువ, తక్కువ కంప్రెషన్‌తో కొన్ని వెర్షన్లు ఇచ్చాడు. బ్యాండ్ వైపు నుంచి అన్నిటికన్నా స్వేచ్ఛగా ఊపిరి తీసుకునే వెర్షన్ ఎంచుకున్నారు. గట్టిగా నొక్కేసిన ఆల్బమ్‌ల మీద అప్పుడే లేచిన వ్యతిరేకత అందుకు తోడ్పడిందని లడ్విగే రాశాడు. 2010 నుంచి ఇయాన్ షెపర్డ్ ఏటా డైనమిక్ రేంజ్ డే అని జరపడం మొదలుపెట్టాడు.

అయితే యుద్ధాన్ని చల్లార్చింది ప్రచారం కన్నా స్ట్రీమింగ్. పాటల లౌడ్‌నెస్‌ని చెవికి దగ్గరగా కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 2006లో వచ్చింది. స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి ఇప్పుడు అలాంటి కొలతతోనే గట్టిగా ఉన్న పాటల్ని ఒక మట్టానికి తగ్గించి వినిపిస్తున్నాయి. అంటే ‘డెత్ మ్యాగ్నెటిక్’ సీడీ మాస్టర్‌ని అక్కడ పెడితే అది అందరికన్నా గట్టిగా వినిపించదు. వాల్యూమ్ తగ్గుతుంది, నరికిన తలలు మాత్రం నరికినట్టే ఉంటాయి. ఏ లాభం కోసం అంత నష్టం చేసుకున్నారో ఆ లాభమే లేకుండా పోయింది.

పిటిషన్‌కి జవాబుగా బ్యాండ్ సీడీని మళ్లీ మిక్స్ చేయలేదు. 2015లో ఐట్యూన్స్ కోసం తయారుచేసిన వెర్షన్‌లో మాత్రం క్లిప్పింగ్ బాగా తగ్గింది, పెద్దగా ప్రకటన ఏమీ లేకుండానే. 2011 డిసెంబర్‌లో ఇదే రికార్డింగ్‌ల నుంచి మిగిలిపోయిన నాలుగు పాటల్ని ‘బియాండ్ మ్యాగ్నెటిక్’ పేరుతో పూర్తిగా మెరుగుపెట్టని మిక్స్‌లతోనే వదిలారు. ‘హేట్ ట్రెయిన్’ అందులోదే, అసలు ఆల్బమ్‌లో ఉండాల్సిన పాట.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా మొదటిసారి భారతదేశంలో వాయించింది. అంతకు రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన షో రద్దవడంతో అందరి చూపూ బెంగళూరు మీదే పడింది. హైదరాబాద్ మెటల్ అభిమానులు అప్పటికీ ఇప్పటికీ పెద్ద షోలకి బెంగళూరు బస్సు ఎక్కడం అలవాటున్నవాళ్లే. కాన్సర్ట్‌లకి మిక్సింగ్, మాస్టరింగ్ సీడీతో సంబంధం లేకుండా వేరుగా జరుగుతాయి కాబట్టి, ఈ పాటలు ఎలాంటివో తేల్చుకోవడానికి కాన్సర్ట్ రికార్డింగ్‌లు మంచి దారి. 2009లో ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో పాత రోమన్ రంగస్థలంలో తీసినది ఒకటి, అదే ఏడాది మెక్సికో నగరంలో తీసినది ఒకటి ఉన్నాయి. వాటిలో ‘బ్రోకెన్, బీట్ అండ్ స్కార్డ్’ వినండి. సీడీలో గోడకి అతికించినట్టుండే పాట అక్కడ కదులుతుంది.

ఇంతవరకు ఈ ఆల్బమ్ విననివాళ్లు ‘ఆల్ నైట్‌మేర్ లాంగ్’తో మొదలుపెట్టి, ‘ద డే దట్ నెవర్ కమ్స్’, ఆ తర్వాత ‘ది ఎండ్ ఆఫ్ ద లైన్’ వినొచ్చు. పాత సీడీ ఉంటే స్పీకర్ల మీద, మామూలుకన్నా తక్కువ వాల్యూమ్‌లో, ఒకేసారి మూడు నాలుగు పాటలకి మించకుండా. హెడ్‌ఫోన్స్ అయితే 2015 వెర్షన్ వెతుక్కోండి.